గజ ఈతగాని గడియారము: రెండు టోక్యో దుకాణముల చరిత్ర

వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రపు లోతులకు దిగు గజ ఈతగాడు ప్రతిక్షణము ఎరిగియుండవలసిన సంగతి యొకటి కలదు: తాను నీట మునిగి ఎంతసేపైనది? సిలిండరులోని గాలి పరిమితమగుట ఇందులకొక కారణము. అంతకన్న సూక్ష్మమైన కారణము వేరొకటి. లోతు పెరిగినకొలది, అనగా ప్రతి పది మీటర్లకును సుమారొక వాతావరణ పీడనము చొప్పున, శరీరముపై ఒత్తిడి హెచ్చుచుండుటచేత, పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునందు కరగి నిలిచిపోవును. ఆ నత్రజని మెల్లమెల్లగా వెలువడుటకు వ్యవధి నీయక ఒక్కసారిగా పైకి తేలివచ్చినవానికి అది బుడగలై కీళ్లను పట్టుకొనును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును సైతము హరించును. కావున ఎంత లోతున ఎన్ని నిమిషములుండవచ్చును, పైకి వచ్చునప్పుడు ఎచ్చట ఎంతసేపాగవలయును అను లెక్కలు పట్టికలుగా వ్రాయబడినవి. ఆ పట్టికలు పనికివచ్చుటకు చేతిపై నమ్మదగిన గడియార మొకటి ఉండి తీరవలసివచ్చెను.

1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యా అనువారలు, ఈతగాని శ్వాసకు తగినంత గాలిని మాత్రమే విడుచు సాధనమును నిర్మించి, నీటి క్రింది లోకమును స్వేచ్ఛగా సంచరించుటకు అనువైనదానినిగా చేసిన పిమ్మట, ఈ గడియారపు అవసరము బలపడినది. 1953లో స్విట్జర్లాండునందు బ్లాంక్‌పాన్ సంస్థ ఫ్రెంచి నౌకాదళపు ఈతగాండ్ర సలహాతో ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ అను గడియారమును తీర్చెను. రోలెక్స్ ‘సబ్‌మెరీనర్’ జన్మించినదియు ఆ సంవత్సరముననే. చీకటిలో మెరయు పెద్ద గుర్తులు, మరను బిగించి కట్టు కీ, డయలు చుట్టును తిరుగు నిమిషముల వలయము ఈ జాతి గడియారమునకు లక్షణములుగా స్థిరపడినవి. నీటిలోనికి దిగునప్పుడు వలయముపైని త్రికోణమును నిమిషముల ముల్లునకు ఎదురుగా త్రిప్పి ఉంచినచో, గడచిన కాలము ఏ కూడికయు లేకయే కంటికి కనబడును. అనంతర కాలమున ఆ వలయము ఒకే దిక్కునకు తిరుగునట్లు చేయబడినది. ఏలయన, పొరపాటున ఎచ్చటనో తగిలి జరిగినను గడచిన కాలము ఎక్కువగా చూపబడునే కాని తక్కువగా చూపబడదు. ఇంతటి ఆలోచనతో నిర్మింపబడిన ఆ వస్తువులు నౌకాదళములకును, సంపన్నులకును అందినవే కాని, చేపలు పట్టువాని చేతికిగాని, రేవులో పనిచేయు కూలి చేతికిగాని దిగివచ్చినవి కావు.

వానిని దింపిన ఘనత జపానుది. నేడు తక్కువ వెలకు దొరకు ఆటోమాటిక్ ఈత గడియారములను పోల్చి చూడగోరువారు ముందుగా ప్రస్తావించు పేర్లలో రెండు ఆ దేశమువే: 1996లో వెలువడిన సీకో వారి ఎస్.కె.ఎక్స్. 007, 2004లో వెలువడిన ఓరియంటు వారి ‘మాకో’. ఏది మేలు అని అడుగువారు సాధారణముగా అద్దమును, పట్టీని, వెలను లెక్కించి ఊరకుందురు. నాకు తోచినంతవరకు ఈ రెంటి భేదము అంగడి బల్లపై తేలునది కాదు. తక్కువ వెలకు వస్తువును చేయబూనినప్పుడు దేనిని విడిచిపెట్టవలయును, దేనిని ఎంతమాత్రమును విడువరాదు అను ప్రశ్నకు రెండు వంశములు ఇచ్చిన రెండు సమాధానములు అందు కలవు. ఆ సమాధానములు తెలియుటకు టోక్యో నగరపు పాత వీథులలోనికి పోవలయును.

హత్తోరి కింతారో 1860లో జన్మించెను. బాల్యముననే గడియారముల దుకాణములలో పనికి కుదిరి, మరమ్మతు నేర్చి, 1881లో, ఇంకను నవయౌవనమున ఉండగనే, టోక్యోలోని క్యోబాషి ప్రాంతమున స్వంత దుకాణము తెరచెను. ఆ కాలమున జపానునకు గడియారములన్నియు విదేశముల నుండియే రావలసియుండెను. యొకొహామా రేవులోని విదేశీ వర్తకులకు చెల్లింపవలసిన సొమ్మును చెప్పిన గడువునకు తప్పక చెల్లించు అలవాటు చేత హత్తోరి వారి విశ్వాసమును చూరగొని, ఇతరులకు దొరకని సరకును ముందుగా పొందగలిగెను. 1892లో ‘సీకోషా’ కర్మాగారమును స్థాపించి గోడగడియారములను, 1895లో జేబు గడియారమును, 1913లో ‘లారెల్’ అను పేరున జపాను దేశపు తొలి చేతిగడియారమును చేయించెను. 1923 సెప్టెంబరు 1వ తేదీన కాంతో ప్రాంతమును నేలమట్టము గావించిన మహాభూకంపము వలన ఆ కర్మాగారమంతయు భస్మమైపోయెను. మరమ్మతుకై జనులు అప్పగించిపోయిన సుమారు 1,500 గడియారములు ఆ మంటలలో నశించినవి. వాని యజమానులకు సరిసమానమైన క్రొత్త గడియారములను ఉచితముగా ఇత్తునని హత్తోరి ప్రకటించి, ఇచ్చెను. సర్వస్వమును కోల్పోయినవాడు, పరుల సొమ్మును ముందుగా తీర్చుట సామాన్యమైన విషయము కాదు. మరుసటి సంవత్సరమే, అనగా 1924లో, ‘సీకో’ అను పేరు గల గడియారము తొలిసారిగా వెలువడినది.

రెండవ వంశమునకు మూలపురుషుడు యోషిద షోగోరో. ఆయన 1901లో టోక్యోలోని ఉయెనో ప్రాంతమున, దిగుమతియైన జేబు గడియారములమ్ము దుకాణము పెట్టెను. కొంతకాలమునకు ఆ దుకాణము విదేశపు మరలకు బంగారు పెట్టెలు చేయు పని చేపట్టినది; 1920లో తోయో తోకెయి అను తయారీ సంస్థగా మారి బల్లగడియారములను, 1934 నుండి చేతిగడియారములను చేయసాగినది; 1936లో టోక్యో శివారునందలి హినో ఊరిలో కర్మాగారము కట్టుకొన్నది. యుద్ధానంతరపు దుర్దినములలో ఆ సంస్థ 1949లో మూతపడెను. అయినను ఆ వృత్తి తెలిసినవారు చెదరిపోలేదు: మరుసటి సంవత్సరము హినోలోనే చిన్న సంస్థయొకటి తిరిగి లేచినది, 1951లో దానికి ‘ఓరియంటు’ అను పేరు కలిగి, ‘ఓరియంటు స్టార్’ గడియారము విపణిలోనికి వచ్చెను. సీకోవలె విశాలమైన మూలధనమును, గింజా వీథిలో గడియార గోపురమును లేని ఈ సంస్థ, పరులపై ఆధారపడక తన మరలను తానే చేసికొనవలెనను పట్టుదలను మాత్రము విడువలేదు. చిన్న సంస్థలకు ఇది ఎంత భారమో ఆ వృత్తిలోనివారు ఎరుగుదురు. అందుచేతనే ఓరియంటుపై నాకు ప్రత్యేకమైన గౌరవము కలదు.

ఇచ్చట మరను గురించి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది, ఏలయన వెల దిగివచ్చిన రహస్యము అందే కలదు. ఆటోమాటిక్ గడియారమున అర్ధచంద్రాకారముగల బరువు ఒకటి, చేయి కదలినపుడెల్ల తిరుగుచు స్ప్రింగునకు కీ ఇచ్చుచుండును. చేయి ఒక దిక్కుననే కదలదు కదా. ఆ బరువు ఎటు తిరిగినను స్ప్రింగు ఒక్కవైపునకే చుట్టుకొనవలయును. దీనికై స్విస్ పనివారు కల్పించిన ఉపాయములనేకములు పెక్కు పళ్లచక్రములతో కూడి, శ్రమకును ఖర్చునకును కారణమగుచుండెను. 1959లో సువా పట్టణమందలి సీకో ఇంజనీర్లు ‘మేజిక్ లీవర్’ అను పేర సామాన్యమైన సాధన మొకటి కనుగొనిరి. రెండు చేతులు గల చిన్న లోహపు దండము, బరువుచే త్రిప్పబడు చక్రముపై కేంద్రమునకు ఇంచుక ప్రక్కగా అమర్చబడి, ముందునకు వెనుకకు ఊగుచుండును. ఒక చేయి పళ్లచక్రమును నెట్టుచుండగా మరియొకటి జారును, తరువాత అది లాగుచుండగా మొదటిది జారును. బరువు ఏ దిక్కునకు తిరిగినను చక్రము మాత్రము ఒక్క దిక్కుననే నడచును. భాగములు కొద్ది, బిగించుట తేలిక, చెడుటకు అవకాశము స్వల్పము. ఓరియంటు వారు 1971లో ప్రారంభించిన 46వ వరుస మరలలోను ఈ జాతికి చెందిన ద్విభుజ దండమే పనిచేయుచున్నది. అర్ధశతాబ్దము గడచినను ఆ మరల సంతతి నేటికిని తయారగుచుండుట వాని నిర్మాణమందలి ఔచిత్యమును తెలుపుచున్నది.

సముద్రమువైపు ఇరువురును ఇంచుమించు ఒకే కాలమున దృష్టి సారించిరి. ఓరియంటు 1964లో ‘ఒలింపియా కేలెండర్ డైవర్’ను వెలువరించినది. 1965లో సీకో వెలువరించిన గడియారము 150 మీటర్ల లోతునకు తాళునదిగా, ఓరియంటుది ముందే వచ్చినను, జపాను తొలి ఈత గడియారముగా ప్రసిద్ధి కెక్కినది. మరుసటి సంవత్సరము మొదలుకొని కొన్నియేండ్లు అది జపాను వారి దక్షిణధ్రువ పరిశోధక బృందము వెంట మంచుకొండలకు పోయెను. ఆ తరువాతి తరపు సీకోలను వియత్నాము యుద్ధములోని అమెరికా సైనికులు విరివిగా ధరించిరి.

సీకో చరిత్రలో 1968లో వచ్చిన ఉత్తరము ఒకటి మరువరానిది. హిరోషిమా మండలమందలి కురె పట్టణము నుండి వృత్తిరీత్యా సముద్రగర్భమున పనిచేయు ఈతగాడొకడు, 300 మీటర్లకు మించిన లోతులలో ఏ గడియారమును నిలుచుట లేదని వ్రాసెను. అట్టి పనివారు పీడనము నింపిన గదులలో హీలియము కలిసిన గాలిని పీల్చుచు దినముల తరబడి నివసింతురు. అతిసూక్ష్మమైన ఆ వాయువు గడియారములోనికి చొరబడి, పైకి వచ్చునప్పుడు లోపలనుండి నెట్టి అద్దమును ఎగురగొట్టును. స్విస్ వారు ఆ వాయువును వెలుపలికి విడుచు కవాటమును అమర్చిరి. సీకో ఇంజనీర్లు, తోకునాగ ఇకువో నాయకత్వమున, వాయువు లోనికి పోకుండుటయే మేలని ఎంచి, ఏడేండ్లు శ్రమించి, 1975లో 600 మీటర్లకు తాళు గడియారమును టైటానియముతో, వెనుక మూత వేరుగా లేని ఏకఖండపు పెట్టెతో, విశేషాకారపు రబ్బరు అడ్డుతో నిర్మించిరి. లోతునకు పోయినకొలది ఈతదుస్తు నలిగి చేయి సన్నగిలునప్పుడు పట్టీ వదులు కాకుండుటకై, దానికి మడతలు మడతలుగా సాగు రూపము నొసగినదియు ఆ శ్రమలోని భాగమే. పేరులేని పనివాని ఉత్తరమునకు సంస్థ ఏడేండ్ల పనితో బదులిచ్చినదన్న సంగతి, ఎస్.కె.ఎక్స్. 007ను చేతికి కట్టుకొనునప్పుడెల్ల తలచుకొనదగినది.

ఇంతలో ఈ కథను ముగింపగల శక్తి సీకో చేతులలోనే పుట్టెను. 1969 డిసెంబరు 25న వారు విడుదల చేసిన ‘ఆస్ట్రాన్’, క్వార్ట్జ్ స్ఫటికముతో నడచు ప్రపంచపు తొలి చేతిగడియారము, నెలకు కొద్ది సెకన్లు మించని తప్పుతో కాలమును చూపగలిగినది. పదేండ్లలో స్ప్రింగు గడియారముల వ్యాపారము కూలిపోవునంతటి దశకు వచ్చెను. అట్లయ్యును జపాను వారు తమ ఆటోమాటిక్ మరలను విడిచిపెట్టలేదు. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములలోని జనులకు, సెల్లు మార్చవలసిన పనిలేక, చేతిపై ఉన్నంతకాలము నడచు గడియారము ఇంకను కావలసియుండెను. 1963లో పుట్టిన ‘సీకో 5’ వరుస ఈ జనులకై నిలిచినది. కోనసీమనుండియు, కడపనుండియు, కరీంనగరునుండియు గల్ఫు దేశములకు పోయిన మనవారు సెలవులకు వచ్చునప్పుడు బావమరదికో, తమ్మునికో తెచ్చు కానుకలలో ఈ గడియారము ఉండుట, దానిపై వారము పేరు అరబ్బీ లిపిలో కనబడుట ఎందరో ఎరిగిన విషయమే. సీకోకు తెలుగునాటితో ఇంకొక సంబంధము కలదు: 1980వ దశకమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ చేతిగడియారములను చేయబూనినప్పుడు సాంకేతిక సహకార మొసగినది సీకోయే.

ఈ నేపథ్యమున 1996లో ఎస్.కె.ఎక్స్. 007 వచ్చెను. అందులోని 7ఎస్26 మర 21 రాళ్లు గలది. గంటకు 21,600 మారులు కొట్టుకొనునది. సంస్థ మాట ఇచ్చినది దినమునకు 20 సెకన్లు వెనుకబడుట మొదలు 40 సెకన్లు ముందుపడుట వరకు మాత్రమే. కీతో స్ప్రింగు చుట్టుటకు వీలులేదు, చేతితో ఊపవలయును. సెకన్ల ముల్లును ఆపి రేడియోతో సరిచూచుకొనుటకును వీలులేదు. నీలకాంతపు అద్దమును లేదు. సీకో తనకై చేసికొనిన గట్టి గాజు కలదు. విడిచిపెట్టినవి ఇన్ని. విడువనిది ఏది? ఈత గడియారములకు అంతర్జాతీయముగా విధింపబడిన 6425వ ఐ.ఎస్.ఒ. ప్రమాణము. దాని ప్రకారము ప్రతి గడియారమును చెప్పిన లోతునకన్న నాలుగవవంతు అధికమైన పీడనమున పరీక్షింపవలయును. చీకటిలో 25 సెంటీమీటర్ల దూరమునుండి కాలము కనబడవలయును. గడియారము నడచుచున్నదని తెలియు గుర్తు మెరయుచుండవలయును. వేడినీటినుండి చల్లనినీటికి, ఉప్పు తేమకు, అయస్కాంతమునకు, దెబ్బలకు ఓర్చుకొనవలయును. డయలుపై ‘డైవర్స్ 200 మీ.’ అని వ్రాయుటకు హక్కు అట్లు లభించును. నాలుగు గంటల స్థానమున ఉన్న కీ మణికట్టును గుచ్చకుండును, దెబ్బలకు అందకుండును. డయలుపై గుండ్రని పెద్ద చుక్కలు దీపములవలె మెరయును. 200 డాలర్లకు లోబడిన వెలకు చిరకాలము దొరకిన వస్తువున ఇంతటి నిష్ఠ ఉండుట ఆశ్చర్యకరము. దానికి అందము తక్కువయనువారితో నేను వాదింపను.

మాకో మార్గము వేరు. దాని 46943 మరయు 21 రాళ్లు గలదే, అదే వేగమున నడచునదే. కీ త్రిప్పి చుట్టుటకుగాని, ముల్లు నాపుటకుగాని వీలులేనిదే. సీకో పెట్టె 42.5 మిల్లీమీటర్లు కాగా దీనిది సుమారు 41.5. డయలుపై 200 మీటర్ల మాట ఉన్నది కాని ‘డైవర్స్’ అను మాట లేదు. ఓరియంటు ఆ ప్రమాణమును అందు కోరలేదు. కోరనిదానిని కోరినట్లు చూపని నిజాయితీ ఆ డయలుమీదనే కనబడును. విడువనిది మరియొకటి: సౌష్ఠవము. పండ్రెండు, ఆరు, తొమ్మిది అంకెలు, ఖడ్గమును బోలిన ముళ్లు, కాంతిని బట్టి ముదురు లేతలు మారు నీలవర్ణపు డయలు, మెరుగుపెట్టిన పెట్టె, కార్యాలయమునకు పోవువాని చొక్కాచేతి క్రిందికి ఒదిగిపోవు రూపము దాని సొత్తు. రెండు గంటల స్థానమున వారము మార్చుటకు ప్రత్యేకముగా బొత్తామొకటి కలదు. ఆచరణమున అది ఎంత సుఖమో నెలకొకసారి సరిదిద్దుకొనువారికి తెలియును. కాని పెట్టెకు మరియొక రంధ్రము చేసినట్లయ్యెను. లోతునకు దిగువాని దృష్టిలో ప్రతి రంధ్రమును నీటికి ఒక దారియే. చీకటిలో దాని వెలుగు సీకో వెలుగునకన్న త్వరగా మందగించుననుటయు సత్యము.

కావున, నిజముగా సముద్రమునకు దిగువాడు నన్నడిగినచో తడవుకొనక సీకోను చూపుదును. కొలనులో ఈదుచు, వానలో తడియుచు, ప్రతిదినము ఊరిలో తిరుగువాడు అడిగినచో మాకోను చేతికిత్తును. ఒకటి నౌకాశ్రయపు పరీక్షాశాల నీడలో పెరిగినది, రెండవది బంగారు పెట్టెలు చేసిన ఉయెనో దుకాణపు హస్తలాఘవమును వారసత్వముగా పొందినది.

ఈ రెండు వంశములును కడకు ఒకే యింట చేరుట విశేషము. మేజిక్ లీవరు పుట్టిన సువా కర్మాగారము 1985లో సీకో ఎప్సన్ అను పేరు తాల్చినది; ఆ సంస్థయే 2001లో ఓరియంటు వాటాలలో అధికభాగమును కొని, 2009లో దానిని పూర్తిగా తన క్రిందికి తెచ్చుకొన్నది. వ్యాపారము కలిసినను మరలు కలిసిపోలేదు: 2016లో వచ్చిన రెండవ తరపు మాకోకు కీ ఇచ్చుటకును, ముల్లు నాపుటకును వీలుగల ఎఫ్6922 మరను ఓరియంటు తానే ఇచ్చెను. 2019 ప్రాంతమున సీకో ఎస్.కె.ఎక్స్. తయారీని నిలిపివేసి, అదే ముఖముతో ‘సీకో 5 స్పోర్ట్స్’ను క్రొత్తగా వెలువరించినది; దానికిని కీ ఇచ్చు సౌకర్యము, ముల్లాగు సౌకర్యము వచ్చినవి, కాని లోతు 100 మీటర్లకు తగ్గి, బిగించు కీ పోయెను. విడువరానిదానిని విడిచిరని పాత గడియారమును ప్రేమించువారు బాధపడిరి. వారి బాధ న్యాయమైనదనియే నా తలంపు. నాటినుండి పాత ఎస్.కె.ఎక్స్.లు అంగళ్లలో చేతులు మారుచునే యున్నవి. అట్టిదానిని కొనువారు నీటికి దించుటకు ముందు మరమ్మతు తెలిసినవానిచే వెనుక మూతలోని, కీలోని రబ్బరు వాషర్లను మార్పించి, పీడనపు పరీక్ష చేయించుకొనవలయును. ఏండ్లు గడచినకొలది రబ్బరు గట్టిపడి బీటలు వారును గనుక, డయలుమీది 200 అంకె కర్మాగారమునుండి వెలువడిన నాటిదే కాని నేటిది కాదు.